గేటుకి రాసిన బోర్డు

సాలూరులో లారీ బాడీలు కట్టే షెడ్ల వరసలో, చివర రేకుల చావడి కింద కూర్చుని లారీల మీద బొమ్మలూ అక్షరాలూ రాసేవాడు కృపానిధి. రెండువేల పదిహేడు నాటికి ఆ పని సగానికి పైగా చేజారిపోయింది. రేడియం స్టిక్కర్ల వాడు వచ్చి కంప్యూటర్లో కత్తిరించిన నెమళ్ళనీ గులాబీలనీ గంటలో అతికించి వెళ్ళిపోతున్నాడు. కృపానిధి ఒక్క నెమలికే రెండు రోజులు తీసుకుంటాడు. లారీ ఓనరుకి రెండు రోజులు ఎక్కడివి? నెమలి కన్ను ఎటు చూస్తోందో అతనికి అక్కర్లేదు, లోడు ఎప్పుడు ఎక్కుతుందో కావాలి.

అప్పటికి కృపానిధికి యాభై ఎనిమిదేళ్ళు. తండ్రి బాప్టిస్టు మిషన్ బంగళాలో తోటపని చేసి పోయాడు. ఇద్దరు కొడుకుల్లో చిన్నవాడు ఇమ్మానుయేలు చదువుకుని ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఆఫీసు ఉద్యోగం సంపాదించాడు. పెద్దవాడు రంగు డబ్బాల దగ్గర మిగిలిపోయాడు. తమ్ముడి కోసం అన్న చదువు మానేశాడని చర్చిలో చెప్పుకుంటారు, కృపానిధి భార్య లీలారాణి కూడా నలుగురిలో అలాగే చెబుతుంది. అది ఒట్టి అబద్ధం. ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం నిండా బస్సులు గీస్తే మాస్టారు చెవి మెలేసి బయటికి పంపారు. మర్నాడు కృపానిధి బాడీ షెడ్డుకి పోయాడు, మరి బడి మొహం చూడలేదు. త్యాగం లేదు, గీగం లేదు. అయినా భార్య ఆ మాట చెబుతున్నప్పుడు అతను కాదనేవాడు కాదు. వినడానికి బాగుండేది.

వాళ్ళకి పిల్లలు లేరు. ఉన్నదల్లా డిసెంబరు నెల. నెల మొదలవగానే ఆ రెండు గదుల ఇంట్లో రంగు వాసనా నూనె వాసనా కలిసిపోయేవి. ఇచ్చుకోడానికి కొనే స్తోమత ఎప్పుడూ లేదు, ఇవ్వకుండా ఉండే బుద్ధీ లేదు. అందుకని చేతిలో ఉన్నదాంతోనే కానుకలు తయారయ్యేవి. ఖాళీ అయిన రంగు డబ్బాలు కిరసనాయిలుతో కడిగి, మూతకి గాటు పెట్టి, ఏనుగు బొమ్మో చిలక బొమ్మో వేస్తే పిల్లలకి చిల్లర దాచుకునే డిబ్బీలు. లీలారాణి పాత చీరలు కలిపి కుట్టిన బొంతలు పురుళ్ళకెళ్ళే ఆడపిల్లలకి. నూనెలో అచ్చు ముంచి గులాబీపువ్వుల పిండివంట వండి, పాలిథిన్ సంచిలో పోసి, మూతికి ఎర్ర రిబ్బను కడితే అది వీధిలో అందరికీ. ఇక దగ్గరివాళ్ళకి మాత్రం కృపానిధి బోర్డు రాసేవాడు.

లారీ బాడీ కట్టగా మిగిలిన చెక్క షెడ్డులో ఊరికే దొరుకుతుంది. దానికి లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, రంగు వేసి, ఆ ఇంటి వాళ్ళ పేర్లు వరసగా రాసేవాడు. లారీ వెనక రాసినట్టే బలిసిన అక్షరాలు, వాటి వెనక నీలం నీడ, చుట్టూ తీగ. చర్చిలో క్రిస్మస్ ట్రీ నాడు పాస్టరుగారు పేర్లు పిలిచి కానుకలు పంచేటప్పుడు, కాగితంలో చుట్టిన బల్లపరుపు వస్తువు బయటికి వస్తే, అది ఎవరికా అని జనం మెడలు చాచి చూసిన రోజులున్నాయి. తర్వాత లామినేషన్ పటాలు వచ్చాయి, ఫ్లెక్సీలు వచ్చాయి. మెడలు చాచడం మానేశారు.

చర్చికి రానివాళ్ళకీ ఇచ్చేవాడు. లారీ డ్రైవరు సోములు కృపానిధికి చిన్ననాటి స్నేహితుడు. అతనికి రాసిచ్చిన బోర్డుకి భార్య దేముడమ్మ పసుపు రాసి, నాలుగు మూలలా కుంకం బొట్లు పెట్టి, గుమ్మం మీద కొట్టించింది. ప్రతి పండక్కీ బొట్లు మారుస్తుంది. ఆ బొట్ల వల్ల ఒకటి రెండు అక్షరాలు ఎప్పుడో కనిపించకుండా పోయాయి. ఆ గుమ్మం ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా కృపానిధి ఓసారి తలెత్తి చూసుకునేవాడు.

తమ్ముడి ఇంటికి ఇచ్చినవే ఎప్పుడూ కనిపించేవి కావు. ప్రతి క్రిస్మస్‌కీ ఏదో ఒకటి ఇచ్చారు. తమ్ముడి కూతురు రూబీకి డిబ్బీ, కొడుకు ఎజ్రాకి చెక్క లారీ, మరదలు గ్లోరీకి ఏడు చీరల బొంత. గ్లోరీ చెడ్డది కాదు. చేతులు రెండూ పట్టుకుని "ఎంత బాగుందో అక్కా" అని తీసుకుంటుంది. మరుసటి ఏడు వెళ్ళి చూస్తే ఆ ఇంట్లో ఆ వస్తువు ఉండదు. లీలారాణి ఓసారి మంచాల కింద కూడా తొంగి చూసింది. అడగలేదు. అడిగితే ఉన్నదీ పోతుందని భయం.

"మన సేతిది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఆ ఇంట్లో కనిపిస్తే సాలు" అనేది భర్తతో. "నానింకేటీ అడగను."

ఆ ఏడు ఇమ్మానుయేలు ఎచ్చెర్లలో డాబా కట్టాడు. క్రిస్మస్ అయిన మూడో రోజున గృహప్రతిష్ఠ పెట్టుకుని, నెల ముందుగానే అన్నకి ఫోను చేశాడు.

"అన్నయ్యా, ఇరవై ఏడున ప్రతిష్ఠ. అందరూ పది గంటలకి వస్తారు గాని, నువ్వు మాత్రం ఎనిమిదికల్లా వచ్చీయాల. నీతో పనున్నాది."

"ఏటి పని?"

"నీ పనే. వచ్చినాక సెప్తాను."

కృపానిధి ఆ మాట భార్యకి చెప్పాడు. లీలారాణి పొయ్యి దగ్గర గరిటె వదిలేసి లేచి వచ్చింది.

"గేటుకి పేర్లు రాయించుకోడానికేనయ్యా. కొత్తిల్లు కదా. నోరిడిసి అడగనేక పనున్నాది అన్నాడు."

"అలాగనలేదు."

"నీ పనే అన్నాడా, అన్లేదా? నీకింకేటి పనొచ్చు?"

నిజమే, ఇంకేం పని వచ్చు. కృపానిధి ఆలోచించిన కొద్దీ అదే సబబుగా తోచింది. రాయించుకుందామని పిలిస్తే అక్కడికెళ్ళి రాయడం ఏమిటి, రాసేసే పట్టుకెళ్దామనుకున్నాడు. అడగక ముందే చేసి పెట్టడంలో ఒక దర్జా ఉంది, పేదవాడికి దొరికే దర్జా అదొక్కటే.

ఆ డిసెంబరులో ఇంకెవరికీ బోర్డు రాయలేదు. షెడ్డులో అడిగి మూడడుగుల చెక్క తెచ్చాడు, పగులు లేనిది. మూడుసార్లు లప్పం పెట్టి మూడుసార్లు రుద్దాడు. ముదురాకుపచ్చ వేసి, దాని మీద పసుపు అక్షరాలు. పైన ఇమ్మానుయేలు, గ్లోరీ. కింద రూబీ, ఎజ్రా. రెండు వైపులా చెరో పావురం. పావురాల రెక్కలకి ఒక్కో ఈక విడివిడిగా తీశాడు, లారీ మీద అంత ఓపిక ఎప్పుడూ పట్టలేదు. గేటుకి ఉండేది కదా, వానకి వెనక నుంచి చెక్క ఉబ్బుతుందని వెనక్కి కూడా నున్నగా రుద్ది రెండు పూతలు తెల్లరంగు వేశాడు. లారీల మీద ఓ మూల సంతకం చేస్తాడు గాని, కానుక బోర్డుల మీద ఎప్పుడూ చెయ్యలేదు. ఈసారి కుడివైపు అడుగున, చూస్తే తప్ప కనబడనంత చిన్నగా "కృప, సాలూరు" అని రాశాడు. రాశాక సిగ్గేసి చెరిపేద్దామనుకున్నాడు. లీలారాణి చెరపనివ్వలేదు.

ఆవిడైతే అప్పుడే చర్చిలో ఆడవాళ్ళందరికీ చెప్పేసింది. "మా మరిది గేటుకి మా ఆయనే రాస్తన్నాడు. ఫోను సేసి మరీ అడిగినాడు." విన్నవాళ్ళు మంచిదమ్మా అన్నారు.

ప్రయాణం ముందు రోజు ఆవిడకి జ్వరం తగిలింది. కీళ్ళ నొప్పులతో లేవలేకపోయింది. నేనూ ఆగిపోతాను అని భర్త అంటే ఒప్పుకోలేదు.

"నువ్వెల్లి తగిలించీసి రా. తగిలించినాక సూసి రా. ఎలాగున్నాదో నాకు సెప్పాల."

తెల్లారకుండానే సోములు లారీలో బయల్దేరాడు కృపానిధి. సోములు శ్రీకాకుళానికి లోడు వేసుకెళుతున్నాడు. రామభద్రపురం, రాజాం మీదుగా పోయి చిలకపాలెం జంక్షన్లో దింపుతానన్నాడు. దుప్పట్లో చుట్టిన బోర్డుని కృపానిధి దారంతా ఒళ్ళో పెట్టుకున్నాడు. వెనక పడేయమంటే వినలేదు. రాజాం దగ్గర టీకి ఆగినప్పుడు సోములు దుప్పటి విప్పి చూశాడు.

"ఓర్నాయనో. పావురాలు ఎగిరిపోతాయేమోరా బావా" అన్నాడు.

కృపానిధి నవ్వాడు. ఆ రోజంతటిలో అతను నవ్వింది అదొక్కసారే.

ఎచ్చెర్లలో తమ్ముడి వీధిలోకి తిరిగేసరికి ఇంటి ముందు షామియానా, అద్దె కుర్చీలు, వెనక వంట డేక్సాల చప్పుడు. కృపానిధి గేటు దగ్గర ఆగాడు. గేటు పక్క స్తంభంలో నల్ల గ్రానైటు పలక కూర్చి ఉంది. దాని మీద బంగారు రంగుతో ఇంగ్లీషు అక్షరాలు. అతనికి ఇంగ్లీషు చదవడం రాదు గాని రాయడం వచ్చు. లారీల మీద రాసీ రాసీ ఏ అక్షరం ఎలా ఉంటుందో తెలుసు. అవి తమ్ముడి పేరూ మరదలి పేరూ అని పోల్చుకున్నాడు. మిషను చెక్కిన అక్షరాలు. ఒకదానికీ ఒకదానికీ మధ్య ఎడం తప్పు. ఆ తప్పు కనబడినందుకు ఒక్క నిమిషం సంతోషం వేసింది, దాని వెనకే బోర్డు మీద దుప్పటి ఇంకాస్త లాగి కప్పాడు.

ఇమ్మానుయేలు కొత్త పట్టు లాల్చీలో ఎదురొచ్చాడు. "వచ్చీసావా అన్నయ్యా. వదినేదీ?"

"జొరం."

"అయ్యో. ఇదేటి, దుప్పట్లో?"

"బోర్డు. గేటుకి. పేర్లు రాసి తెచ్చినాను."

ఇమ్మానుయేలు దుప్పటి అంచు ఎత్తి చూశాడు. "బాగున్నాదన్నయ్యా. సాలా బాగున్నాది" అన్నాడు. అన్నప్పుడు అతని చూపు షామియానా వాళ్ళ మీద ఉంది. "గేటుకి మరి గ్రానైటు ఏయించీసాం. ఇంటి ప్లానులోనే ఉన్నాది. ఇది లోపలెక్కడో పెడదాంలే."

"మరి పనున్నాదన్నావు?"

"అదే సెప్తన్నాను. అరవై డెబ్బై కార్లొస్తాయి. ఎనక ఖాళీ సైటులో పెట్టించాల. లేపోతే వీధంతా జామైపోతాది. పార్కింగు బోర్డు ఒకటీ, భోజనాలు ఇటు అని ఇంకొకటీ కావాల. ఫ్లెక్సీ వాడు రెండ్రోజులంటాడు. నువ్వుండగా ఫ్లెక్సీ ఎందుకని, రంగూ బ్రష్షూ కొనీసి ఉంచినాను."

అందులో వెటకారం లేదు. తమ్ముడు ఎగతాళి చేసి ఉంటే కృపానిధి కోప్పడేవాడు, దుప్పటి చుట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయేవాడు. తమ్ముడు నిజంగానే, ప్రేమగానే, అన్న పని అన్నకి ఇచ్చాననుకుంటున్నాడు.

భోజనాల బోర్డుకి అట్టపెట్టె దొరికింది. పార్కింగుకి అట్ట పనికిరాదు, వీధి చివర కరెంటు స్తంభానికి కట్టాలి, గాలికి చిరుగుతుంది. ఇద్దరూ చుట్టూ వెతికారు. అప్పుడు గ్లోరీ వచ్చింది. కొత్త చీర, చేతిలో రాబోయే పెద్దలకివ్వాల్సిన పూలగుత్తులు, ముఖమంతా కంగారు. గోడకి ఆనించి ఉన్న బోర్డు వెనక వైపు చూసింది.

"బావగారూ, ఇది గట్టిగానే ఉంది కదా. తెల్లగా కూడా ఉంది. దీని మీద రాసేయండి."

"అది మనకి తెచ్చిన..." అని ఇమ్మానుయేలు ఏదో అనబోయాడు.

"వెనకేగా. ముందువైపు ఏమీ కాదు. సాయంత్రం తుడిచేసి లోపల పెట్టుకుందాం."

తమ్ముడు అన్న వైపు చూశాడు. ఎనామెల్ తుడిస్తే పోదు. ఆ మాట చెప్పడానికి కృపానిధికి కావలసినంత సమయం ఉంది. ఇది ఇవ్వను అనడానికీ ఉంది. కానీ నలభై ఏళ్ళుగా అతను ఏదైనా బండి ముందు నిలబడి, చేతిలో బ్రష్షు పెట్టుకుని, అడిగిన ప్రశ్న ఒక్కటే. ఎందుకు రాయాలి అని ఎప్పుడూ అడగలేదు. నోరు తెరిస్తే ఆ పాత ప్రశ్నే వచ్చింది.

"ఏటి రాయాలి?"

"కార్ పార్కింగ్ అని, ఒక బాణం గుర్తు. కుడి వైపుకి" అంది గ్లోరీ, అప్పటికే వెనక్కి తిరుగుతూ.

రాశాడు. పేర్లున్న వైపు నేలకి రాసుకోకుండా కింద తువ్వాలు పరిచి రాశాడు. కోపంగా, అడ్డదిడ్డంగా రాసిపారేద్దామని బ్రష్షు ముంచాడు గాని చెయ్యి వినలేదు. చెయ్యికి సొంత బుద్ధి ఉంటుంది. తెలుగులో పైన, ఇంగ్లీషులో కింద, బలిసిన నల్ల అక్షరాలు, నీడతో సహా. బాణానికి ఈటె మొన. ఆ క్షణంలో అతనికి తన చెయ్యి మీద అసహ్యం వేసింది.

రంగు కాస్త ఆరాక షామియానా వాడు ఇనప తీగ తెచ్చాడు. పార్కింగు జనం వైపుకి, పేర్లు స్తంభం వైపుకి పెట్టి చుట్టేశాడు. కృపానిధి పట్టుకుని నిలబడ్డాడు, వంకర పోతుందేమోనని. తీగ బిగిస్తుంటే స్తంభానికి రాసుకుని వెనక కరకరమంది. ఏ పేరు మీద గీరుకుందో అతనికి తెలుసు. అడుగు వరసలో ఎక్కడ ఏ అక్షరం ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. "ఇంకొంచెం బిగించు, గాలుంది" అన్నాడు.

కార్లు వచ్చాయి. బాణం చూసి కుడివైపు తిరిగాయి. ఒక్కటి కూడా తప్పు దారి పట్టలేదు. ప్రార్థన అయ్యాక ఎచ్చెర్ల పాస్టరుగారు చేతులు కడుక్కుంటూ, "బయట పార్కింగు బోర్డు ఎవరు రాశారయ్యా, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి" అన్నారు. ఇమ్మానుయేలు అన్న భుజం మీద చెయ్యి వేసి, "మా అన్నయ్యేనండి. సాలూరులో పెద్ద ఆర్టిస్టు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. తమ్ముడు పది మందిలో అలా చెప్పడం అదే మొదటిసారి. ఎన్నేళ్ళో ఎదురుచూసిన మాట. వినడానికి ఏమాత్రం బాగాలేదు.

రెండో బంతిలో తిన్నాడు. మూడింటికి చెప్పి బయల్దేరాడు. గ్లోరీ గేటు దాకా వచ్చి, లీలారాణికని బిర్యానీ కట్టించి ఇచ్చింది, వచ్చిన వాళ్ళందరికీ పంచుతున్న ప్లాస్టిక్ డబ్బా కూడా ఇచ్చింది. బోర్డు సంగతి ఎవరూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. వీధి చివర స్తంభం దాటేటప్పుడు తల తిప్పలేదు.

ఇల్లు చేరేసరికి లీలారాణి మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"తగిలించినారా?"

"తగిలించినారు."

"గేటుకేనా?"

"గేటుకి గ్రానైటు పెట్టీసినారు. వీధి మొగని స్తంభానికి కట్టినారు. వచ్చినోళ్ళందరికీ కనిపించినాది."

అందులో అబద్ధం ఏదీ లేదు. లీలారాణి మంచం అంచుకి జరిగింది.

"వీధి మొగనే పెట్టినారా? గేటు కన్నా అదే మెరుగు. ఇల్లెక్కడో తెలీనోళ్ళకి దారి సూపిస్తాది. ఎవులేటన్నారు?"

"అక్కడి పాస్టరుగారు అక్షరాలు ముత్యాల్లాగున్నాయన్నారు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆవిడ ఏడిచిందంటే అది పదేళ్ళ ఏడుపు అని అతనికి తెలుసు. అప్పుడైనా చెప్పి ఉండవలసింది. మంచినీళ్ళు తెచ్చి మాత్ర వేయించాడు.

ఆ ఆదివారమే సాలూరు చర్చిలో ఆ ఏడాదికి ఆఖరి ఆరాధన. ఏడాది పొడుగునా దేవుడు చేసిన మేలు చెప్పుకునేవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పవచ్చన్నారు పాస్టరుగారు. ఒకాయన ఆపరేషను గురించి చెప్పాడు, ఒకావిడ కొడుకు ఉద్యోగం గురించి. తర్వాత ఆడవాళ్ళ వైపు నుంచి లీలారాణి లేచింది. జ్వరం తగ్గినా ఇంకా గోడ పట్టుకునే నిలబడింది. అంతకు ముందు ఎప్పుడూ ఆవిడ సాక్ష్యం చెప్పలేదు, చెప్పుకోడానికి ఏముందని కూర్చునే ఉండేది.

"మాకు బిడ్డల్ని ఇవ్వనేదు దేవుడు" అంది. "మా సేతుల్తో సేసినవే ఇచ్చుకున్నాం. మా మరిదోలింటికి ఎన్నిచ్చినా ఒక్కటీ నిలవలేదు. నానందుకు సాలా కుమిలిపోనాను, మీకెవులికీ సెప్పలేదు. ఈ ఏడు మా ఆయన రాసిన బోర్డు ఆళ్ళ వీధి మొగని కట్టినారు. వచ్చిన పెద్దలందరూ దాన్ని సూసే లోపలికెల్లినారు. మా ఆయన సేతిని దేవుడు గనపరిసినాడు. దేవుడికి స్తోత్రం."

"ఆమెన్" అంది చర్చి అంతా. రెండు మూడు తలలు మగవాళ్ళ వైపు తిరిగి కృపానిధిని చూసి నవ్వాయి. పక్కనున్న మనిషి అతని మోకాలు తట్టాడు. అందరూ అన్నాక ఇంకొక్క గొంతు మిగిలిపోయిందన్నట్టు పాస్టరుగారు కూడా అటే చూశారు. కృపానిధి "ఆమెన్" అన్నాడు.

కూడిక అవగానే మెట్ల మీద ముగ్గురు పట్టుకున్నారు. వచ్చే క్రిస్మస్‌కి మాకూ ఒకటి రాసివ్వాలి అన్నారు. లీలారాణే వాళ్ళందరికీ మాటిచ్చింది.

మరుసటి డిసెంబరు వచ్చింది. ఆవిడ గులాబీపువ్వులు వండింది, రిబ్బన్లు కట్టింది. కృపానిధి షెడ్డు నుంచి చెక్క తేలేదు. అడిగిన వాళ్ళకి కళ్ళు కనిపించడం లేదన్నాడు. పాపం ఆ లప్పం దుమ్ముకి పోయాయి అని లీలారాణి జాలిపడి, రోజూ పొద్దున్నే అతని కళ్ళ కోసం ప్రార్థన చేసేది. అతను పక్కనే తల వంచుకుని కూర్చునేవాడు. కళ్ళు బాగానే ఉన్నాయి.